ఎక్స్‌ఎంఎల్ నుండి వెబ్ పేజీ : బ్రౌజర్‌లో తప్పుగా కనిపిస్తే ఎక్కడ వెతకాలి?



పోయిన వార్షికోత్సవానికి మేము ముగ్గురం కలిసి మన హాస్టల్ పూర్వ విద్యార్థుల జాబితాను కంప్యూటర్ తెర మీద చూపించాలని అనుకున్నాం. పదో తరగతి తమ్ముళ్ళు ప్రతి ఏడాదీ అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా, మన హాస్టల్‌ల ఉండి పాలిటెక్నిక్ చదివినోళ్ళు ఎవరన్న ఉన్నరా? ఐటిఐ చేసినోళ్ళు?" ఇంట్లో అడుగుదామంటే అమ్మానాయనలకు ఆ కోర్సుల పేర్లే కొత్త. కాబట్టి ఏ అన్న ఏం చదివాడు, ఇప్పుడు ఏం చేస్తున్నాడు అనేది ఒక చోట ఉంటే పదిమందికీ పనికివస్తుంది. ఆ పని చేస్తూ మేము పడిన తిప్పలు, వాటి వెనుక ఉన్న కారణాలు ఈ వ్యాసంలో రాస్తున్నాం. డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్న తమ్ముళ్ళకు ఇది నేరుగా ఉపయోగపడుతుంది. మిగతావారు మధ్యలో కోడ్ వచ్చిన చోట కొంచెం ఓపిక పట్టాలి.

ముందుగా ఈ మూడు పేర్లు ఏమిటో చూద్దాం. మన హాస్టల్ స్టోర్ రూంలో స్టాకు రిజిస్టర్ ఉంటుంది. అందులో బియ్యం ఎన్ని కిలోలు, కందిపప్పు ఎంత అని మాత్రమే రాసి ఉంటుంది, ఎట్లా వండాలో ఉండదు. ఎక్స్‌ఎంఎల్ ఫైలు అటువంటిది, ఉత్త సమాచారం. వార్డెన్ సారు వంటమనిషికి రాసి ఇచ్చే మెనూ చీటీ లాంటిది స్టైల్‌షీట్. దాన్ని రాసే భాష ఎక్స్‌ఎస్‌ఎల్‌టి. రెండూ కలిపి వండితే పళ్ళెంలోకి వచ్చేది ఎక్స్‌హెచ్‌టిఎంఎల్ పేజీ. కూర బాగాలేదని ఎవరైనా అంటే తప్పు రిజిస్టర్‌లో ఉందా, చీటీలో ఉందా, వంటలో ఉందా, వడ్డించేటప్పుడు జరిగిందా అని విడివిడిగా చూడాలి. వెబ్ పేజీకి కూడా అంతే. ఏ మెట్టు దగ్గర చెడిందో తెలియకుండా కనబడినదల్లా మారుస్తూ పోతే రాత్రంతా గడిచిపోతుంది. మాకు రెండు రాత్రులు గడిచాయి.

వెబ్ ప్రమాణాలను తయారుచేసే డబ్ల్యూ3సి సంస్థ ఎక్స్‌ఎంఎల్ 1.0ను 1998 ఫిబ్రవరి 10న, ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1.0ను 1999 నవంబర్ 16న, ఎక్స్‌హెచ్‌టిఎంఎల్ 1.0ను 2000 జనవరి 26న ప్రకటించింది. అంటే ఈ మూడూ ఒకే కాలపు తోబుట్టువులు. ఎక్స్‌ఎంఎల్‌లో మనకు నచ్చిన ఒక సంగతి ఏమిటంటే, టాగుల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. మొదటి ప్రమాణంలోనే తెలుగు అక్షరాలకు, గుణింతాలకు అనుమతి ఉంది. మేము అట్లాగే రాశాం:

<అన్న>
  <పేరు>...</పేరు>
  <ఊరు>చిన్నకోడూరు</ఊరు>
  <చదువు>ఐటిఐ, ఎలక్ట్రీషియన్</చదువు>
  <ఉద్యోగం/>
</అన్న>

చివరి వరుసలో ఉన్న ఏటవాలు గీతను గుర్తుంచుకోండి. ఈ అన్న ఫారంలో ఉద్యోగం అన్న గడి ఖాళీగా వదిలేశాడు. లోపల ఏమీ లేనప్పుడు తెరిచి మూసే రెండు టాగులకు బదులు ఇట్లా ఒకే టాగులో తెరిచి మూసేయడం ఎక్స్‌ఎంఎల్‌లో నూటికి నూరుపాళ్ళు సరైన పద్ధతి. మా కథంతా ఈ గీత చుట్టూనే తిరిగింది.

ఒకే ఫైలులో సమాచారం పెట్టి ఎక్స్‌ఎస్‌ఎల్‌టి ఎందుకు వాడామంటే, మాకు రెండు రకాల జాబితాలు కావలసివచ్చాయి. తెర మీద అందరూ చూసేదాంట్లో ఫోన్ నంబర్లు ఉండకూడదు. వార్డెన్ సారు దగ్గర ఉండే అచ్చు కాపీలో ఉండాలి. స్టైల్‌షీట్లు రెండు రాస్తే సరిపోతుంది, పేర్లు రెండుసార్లు కొట్టనక్కరలేదు.

ఇక తిప్పల సంగతి. కాలేజీ ల్యాబ్‌లో అంతా చక్కగా కనిపించింది. ఎక్స్‌ఎంఎల్ ఫైలు పైభాగంలో "నా స్టైల్‌షీట్ ఫలానా" అని ఒక వరుస రాసి, ఫైలును బ్రౌజర్‌లో తెరిస్తే బ్రౌజరే వండి వడ్డించింది. పెన్ డ్రైవ్‌లో వేసుకుని సిద్దిపేట బస్సెక్కి వచ్చి, హాస్టల్ కంప్యూటర్‌లో తెరిస్తే తెల్ల తెర. ఒక్క అక్షరం లేదు. ఫైలు పాడైందనుకుని ల్యాబ్‌లో ఉన్న మిత్రుడికి ఫోన్ చేసి మళ్ళీ తెప్పించుకున్నాం. మళ్ళీ తెల్ల తెరే.

కారణం ఇది. ల్యాబ్‌లో మేము పేజీని లోకల్ సర్వర్ ద్వారా తెరిచాం. హాస్టల్‌లో పెన్ డ్రైవ్ నుంచి నేరుగా తెరిచాం. అప్పుడు అడ్రసు ఫైల్ అని మొదలవుతుంది. డిస్కులో ఉన్న ఒక ఫైలు పక్కనున్న ఇంకో ఫైలును తనంతట తాను తెరవడం ప్రమాదమని క్రోమ్ అనుమతించదు. ఫైర్‌ఫాక్స్ కూడా 2019 నుంచి అదే దారి పట్టింది. స్టైల్‌షీట్ చదవనివ్వనప్పుడు వంట జరగదు, పళ్ళెం ఖాళీ. ఎఫ్12 నొక్కి కన్సోల్ చూస్తే ఈ మాట ఎర్ర అక్షరాలతో రాసే ఉంటుంది. మేము చూడలేదు. తెల్ల తెర వస్తే ముందు చేయవలసిన పని ఎఫ్12 నొక్కడం, ఫోన్ చేయడం తరువాత.

దీనికి మందు వంటను బ్రౌజర్‌కు వదిలేయకుండా మనమే ముందుగా చేసి పెట్టుకోవడం. ఎక్స్‌ఎస్‌ఎల్‌టిప్రాక్ అనే ఉచిత ప్రోగ్రాంకు స్టైల్‌షీట్ పేరు, ఎక్స్‌ఎంఎల్ ఫైలు పేరు ఇస్తే తయారైన పేజీని హెచ్‌టిఎంఎల్ ఫైలుగా ఇస్తుంది. దాన్ని ఎక్కడైనా తెరవవచ్చు. ఇప్పుడైతే ఈ పద్ధతే శ్రేయస్కరం. ఎందుకంటే బ్రౌజర్ లోపల ఎక్స్‌ఎస్‌ఎల్‌టి మద్దతును తీసివేయబోతున్నట్లు క్రోమ్ తయారుచేసేవారు 2025లో ప్రకటించారు. బ్రౌజర్ మీద ఆధారపడి ఈ రోజు కట్టిన పేజీ రేపు తెరుచుకోదు.

మధ్యలో చిన్న అడ్డంకి ఒకటి. "హాస్టల్‌లో" అని రాసేటప్పుడు ల్ పక్కన కనబడని అక్షరం ఒకటి పెడతాం, లేకపోతే అది "హాస్టల్లో" అని అతుక్కుపోతుంది. హెచ్‌టిఎంఎల్ అలవాటు కొద్దీ దాన్ని జడ్‌డబ్ల్యుఎన్‌జె అనే పేరుతో, ముందు యాంపర్‌శాండ్ పెట్టి రాశాం. ఎక్స్‌ఎంఎల్ వెంటనే "ఈ పేరు నాకు తెలియదు" అని ఆగిపోయింది. ఎక్స్‌ఎంఎల్‌కు పుట్టుకతో తెలిసిన అటువంటి పేర్లు ఐదే: చిన్నది గుర్తు, పెద్దది గుర్తు, యాంపర్‌శాండ్, జంట కోట్, ఒంటి కోట్. మిగతావన్నీ నంబర్‌తో రాయాలి. కనబడని ఆ అక్షరానికి 8204, విడిపోని ఖాళీకి 160.

పేజీ తయారైంది. హాస్టల్ కంప్యూటర్‌లో తెరిచాం. ఈసారి తెల్ల తెర రాలేదు, మెట్లు వచ్చాయి. మొదటి ఆరుగురి వివరాలు సరిగ్గా ఉన్నాయి. ఏడో వ్యక్తి నుంచి అందరూ కొంచెం కుడికి జరిగారు, అక్షరాలు కొంచెం చిన్నవయ్యాయి. ఇంకా కొందరి తరువాత మళ్ళీ ఒక మెట్టు కుడికి, మళ్ళీ చిన్న. జాబితాను బ్యాచ్‌ల వారీగా పెట్టాం గనుక చివరన ఉన్నవాళ్ళు మొన్నమొన్ననే హాస్టల్ విడిచిన అన్నలు, అంటే ఇప్పటి తమ్ముళ్ళకు బాగా తెలిసినవాళ్ళు. వాళ్ళ పేర్లు తెర అంచుకు పోయి, చీమ తలకాయంత అయి, చదవడానికి రాలేదు.

సీఎస్ఎస్‌లో తప్పు ఉందేమోనని రంగులు, కొలతలు అన్నీ మార్చి చూశాం. ఫలితం లేదు. తరువాత జాబితాను సగం సగం చేసి చూశాం. ఇది మంచి పద్ధతి, ఏ సమస్యకైనా పనికివస్తుంది. సగం పేర్లు తీసేసి చూడాలి. తప్పు ఉంటే ఆ సగంలో మళ్ళీ సగం తీయాలి. అట్లా నాలుగైదు సార్లు చేసేసరికి మెట్టు ఎవరి తరువాత మొదలవుతుందో దొరికింది. ఆరో వ్యక్తి తరువాత. ఆయనకు ఉద్యోగం గడి ఖాళీ. రెండో మెట్టు ఎవరి తరువాత? ఆయనకూ ఖాళీయే. లెక్కపెడితే ఖాళీలు పదకొండు, మెట్లు పదకొండు.

మాలో ఒకడు ఆ పదకొండు పేర్లు తీసేసి పేజీ తెరిచాడు. అద్దంలా ఉంది. రాత్రి పదకొండు దాటింది, తెల్లారితే వార్షికోత్సవం. "ఇట్లనే పెట్టేద్దాం, ఉద్యోగం లేనోళ్ళ వివరం తమ్ముళ్ళకు ఏం పనికొస్తది" అన్నాడు. అప్పుడు మాకు కూడా అది సబబుగానే తోచిందని ఒప్పుకోవాలి. అయితే ఆ పదకొండు మందిలో మా మూడో మిత్రుడి సొంత అన్న ఉన్నాడు. వాడు ఏమీ అనలేదు, కంప్యూటర్ ముందు నుంచి లేచి బయటికి పోయి వరండాలో కూర్చున్నాడు. పేర్లు మళ్ళీ పెట్టి, కారణం దొరికేదాకా చూద్దామని కూర్చున్నాం.

కారణం రెండు కిటికీలు పక్కపక్కన పెట్టి చూస్తే దొరికింది. ఒకటి పేజీ సోర్సు, అంటే ఫైలులో నిజంగా రాసి ఉన్నది. రెండోది ఎఫ్12లో ఉండే ఇన్‌స్పెక్టర్, అంటే బ్రౌజర్ దాన్ని చదివి అర్థం చేసుకున్నది. ఈ రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు, కానీ కావు. సోర్సులో ఇట్లా ఉంది (డివ్ అనేది పెట్టె లాంటి టాగు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాం, కంప్యూటర్‌లో ఇంగ్లిషు చిన్న అక్షరాలతో కొట్టాలి):

<డివ్ కార్డు>
  ... పేరు, ఊరు, చదువు ...
  <డివ్ ఉద్యోగం/>
</డివ్>

ఎక్స్‌ఎంఎల్ కళ్ళతో చూస్తే లోపలి డివ్ గీతతోనే మూసుకుంది, చివరి వరుస కార్డును మూసింది. అంతా సక్రమం. కానీ ఫైలు పేరు చివర హెచ్‌టిఎంఎల్ అని ఉంది గనుక బ్రౌజర్ దాన్ని హెచ్‌టిఎంఎల్ నియమాలతో చదివింది. హెచ్‌టిఎంఎల్‌లో డివ్‌కు ఆ గీత లెక్కలోకి రాదు. బ్రౌజర్ దాన్ని వదిలేసి "ఒక డివ్ తెరిచారు" అని మాత్రమే అనుకుంటుంది. అప్పుడు చివరి వరుస లోపలి డివ్‌ను మూస్తుంది. కార్డు తెరిచే ఉండిపోతుంది. తరువాతి అన్న కార్డు దాని కడుపులోకి పోతుంది. మేము సీఎస్ఎస్‌లో ప్రతి కార్డుకూ ఎడమవైపు 20 పిక్సెల్స్ ఖాళీ, అక్షరం సైజు 90 శాతం అని రాశాం. 90 శాతం అంటే బయటి పెట్టెలో 90 శాతం. పెట్టెలో పెట్టె, అందులో పెట్టె అయ్యేసరికి 16 పిక్సెల్స్ అక్షరం పన్నెండో లోతుకు వచ్చేటప్పటికి నాలుగున్నర పిక్సెల్స్ అయింది.

ల్యాబ్‌లో ఎందుకు బాగుందంటే, అక్కడ బ్రౌజరే స్టైల్‌షీట్ నడిపి పెట్టెలను నేరుగా తన మనసులో కట్టుకుంది. మధ్యలో టాగులుగా రాయడం, మళ్ళీ చదవడం లేదు. గీత అనేది రాసినప్పుడే పుడుతుంది. వంటలోనూ తప్పు లేదు, రిజిస్టర్‌లోనూ తప్పు లేదు, వడ్డనలో జరిగింది.

దీన్ని నిర్ధారించుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. అదే ఫైలు పేరు చివర హెచ్‌టిఎంఎల్ తీసి ఎక్స్‌హెచ్‌టిఎంఎల్ అని మార్చి తెరవండి. అప్పుడు బ్రౌజర్ ఎక్స్‌ఎంఎల్ నియమాలతో చదువుతుంది. పేజీ సర్దుకుంటే మీ తప్పు ఈ గీతలోనే ఉంది. ఫైలులో ఒక్క అక్షరం మార్చకుండా పేరు మారిస్తే మెట్లన్నీ పోవడం చూసి, వరండాలో ఉన్నవాణ్ణి కేకేసి పిలిచాం.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. ఎక్స్‌హెచ్‌టిఎంఎల్ 1.0 ప్రమాణానికి చివర "సి" అనే అనుబంధం ఉంది. లోపల ఏదైనా పట్టగల టాగు ఖాళీగా ఉన్నప్పుడు పొట్టి రూపంలో రాయవద్దు, తెరిచే టాగు, మూసే టాగు రెండూ రాయండి అని అందులో 2000లోనే చెప్పారు. ఇదే జబ్బు స్క్రిప్ట్ టాగుకు వస్తే ఇంకా ఘోరం. దాని తరువాతి పేజీ మొత్తాన్ని బ్రౌజర్ ప్రోగ్రాం అనుకుని మింగేస్తుంది, తెర తెల్లబడుతుంది. టైటిల్ టాగు ఖాళీగా ఉన్నా అంతే. బిఆర్, హెచ్‌ఆర్, ఐఎంజి వంటి వాటికి మాత్రం గీత వల్ల నష్టం లేదు, అవి ఎప్పుడూ ఖాళీవే. ఎక్స్‌హెచ్‌టిఎంఎల్‌ను అసలైన పద్ధతిలో పంపితే ఇన్ని తిప్పలు ఉండవు గదా అని అడగవచ్చు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2011లో వచ్చిన తొమ్మిదో వెర్షన్ దాకా దాన్ని తెరవనే లేదు. అందుకే లోకమంతా ఎక్స్‌హెచ్‌టిఎంఎల్ రాసి హెచ్‌టిఎంఎల్ అని చెప్పి పంపింది.

మందు స్టైల్‌షీట్‌లో ఒక్క మాట. అవుట్‌పుట్ అనే వరుసలో మెథడ్ ఎక్స్‌ఎంఎల్ అని ఉన్నదాన్ని హెచ్‌టిఎంఎల్ అని మార్చాలి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1.0లో ఎక్స్‌హెచ్‌టిఎంఎల్ అనే మెథడ్ లేదు. అది 2007లో వచ్చిన 2.0లో చేరింది, ఎక్స్‌ఎస్‌ఎల్‌టిప్రాక్‌కు 2.0 రాదు. మార్చగానే మెట్లు పోయాయి, కానీ ఊరు, మండలం మధ్య ఒక లైనుకు బదులు రెండు లైన్లు ఖాళీ వచ్చింది. సోర్సు చూస్తే బిఆర్ టాగును తెరిచి, మళ్ళీ మూసింది. మూసే బిఆర్‌ను బ్రౌజర్ ఇంకో బిఆర్ అనుకుంటుంది. ఎందుకిట్లా? స్టైల్‌షీట్ పైన ఎక్స్‌హెచ్‌టిఎంఎల్ నేమ్‌స్పేస్ అలాగే ఉండిపోయింది. నేమ్‌స్పేస్ ఉన్న టాగులను హెచ్‌టిఎంఎల్ మెథడ్ తన సొంత టాగులుగా గుర్తించదు. ఇంటిపేరు వేరే ఉంటే మనవాడు కాదన్నట్టు. ఆ వరుస తీసేస్తే అంతా కుదిరింది. అంటే మెథడ్ ఎక్స్‌ఎంఎల్ అయితే నేమ్‌స్పేస్ తప్పక ఉండాలి, హెచ్‌టిఎంఎల్ అయితే ఉండకూడదు. హెచ్‌టిఎంఎల్ మెథడ్‌తో ఇంకో లాభం ఉంది. హెడ్ టాగులో అక్షరాల ఎన్‌కోడింగ్ ఏమిటో చెప్పే మెటా వరుస దానంతట అదే చేరుతుంది. డాక్‌టైప్ మాత్రం మనం అడగాలి, లేకుంటే బ్రౌజర్ పాతకాలపు క్విర్క్స్ మోడ్‌లోకి పోయి కొలతలు మారతాయి.

తెలుగు అక్షరాల గురించి కూడా ఒక మాట. తెలుగు కనిపించకపోతే ఏం కనిపిస్తోందో చూడాలి. ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫాంట్ లేదు. నెత్తిన గీత ఉన్న ఇంగ్లిషు ఏ, పక్కన చిన్న సున్న మళ్ళీ మళ్ళీ వస్తుంటే అక్షరాలు బాగానే ఉన్నాయి, ఎన్‌కోడింగ్ తప్పు చెప్పారు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరమూ మూడు బైట్లు, వాటిని విడివిడిగా చదివితే ఆ రూపం వస్తుంది. ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం అక్షరాలు పోయినట్టే. నోట్‌ప్యాడ్‌లో ఆన్సి అని సేవ్ చేస్తే ఇట్లా అవుతుంది. నంగునూరు వైపు పేర్లన్నీ మేము అట్లాగే పోగొట్టుకుని, కాగితం ఫారాలు చూసి మళ్ళీ కొట్టాం.

వార్షికోత్సవం నాడు పదకొండు పేర్లూ వాటి చోట్లలో తెర మీద కనిపించాయి, ఉద్యోగం దగ్గర ఖాళీగా. తరువాతి వారం ఆ పదకొండు మందికీ ఫోన్లు చేశాం. ఎనిమిది మంది దొరికారు. ఒక అన్న, "ఉద్యోగం అని అడిగిన్రు తమ్మీ, నాకు ఉద్యోగం లేదు గదా, ఏం రాయాలె" అన్నాడు. ఆయన దుబ్బాకలో మోటార్ రివైండింగ్ షాపు నడుపుతున్నాడు, ఇద్దరికి పని నేర్పాడు. ఇంకో అన్న కౌలుకు పొలం చేస్తున్నాడు. ఒకాయన నాయనకు పక్షవాతం వస్తే చూసుకోవడానికి డిగ్రీ రెండో ఏడాది మానేశాడు, మళ్ళీ ఓపెన్ యూనివర్సిటీలో కట్టాడు. ఎవరూ ఖాళీగా లేరు, మేము అడిగిన మాటే తప్పు. ఎక్స్‌ఎంఎల్‌లో ఉద్యోగం అన్న టాగును పని అని మార్చాం. కొత్త ఫారంలో కూడా అట్లాగే అచ్చు వేయించాం. ఎలక్ట్రికల్ ఐటిఐ గురించి అడిగిన ఇద్దరు తమ్ముళ్ళను దుబ్బాక అన్న దగ్గరికి పంపాం.

టాగు పేరు మార్చాం కదా అని స్టైల్‌షీట్ సవరణ తీసేయలేదు. ఇంకా మూడు గడులు ఖాళీగా ఉన్నాయి, రేపు ఇంకొకటి రావచ్చు.

ఎక్స్‌ఎంఎల్ ఫైలు, రెండు స్టైల్‌షీట్లు, నడిపే విధానం రాసిన కాగితం హాస్టల్ కంప్యూటర్‌లో "పూర్వ విద్యార్థులు" అనే ఫోల్డర్‌లో ఉన్నాయి. పేరు చేర్చాలంటే ఒక అన్న బ్లాకును కాపీ చేసి వివరాలు మార్చి, యూటీఎఫ్-8గా సేవ్ చేసి, కాగితంలో ఉన్న ఆజ్ఞను కొట్టాలి. తయారైన హెచ్‌టిఎంఎల్ ఫైలును చేత్తో దిద్దవద్దు, తరువాతిసారి నడిపినప్పుడు అది చెరిగిపోతుంది. దొరకని ఆ ముగ్గురు అన్నలూ 2014కు ముందు బ్యాచ్‌ల వాళ్ళు. ఈ సంచిక చదివే వాళ్ళలో ఎవరికైనా వారి సంగతి తెలిస్తే వార్డెన్ సారుకు చెప్పగలరు.